కొత్త కంప్యూటర్‌లో పాత కార్డులు: ఏవి బిగించాలి, ఏవి వదిలేయాలి

కొత్త డెస్క్‌టాప్ కొనేవారిలో ఎక్కువ మంది ముందు దుకాణానికి వెళ్లి కొత్తది తెచ్చుకుంటారు. పాతదాన్ని విప్పి, అందులోని కార్డులు (మదర్‌బోర్డు స్లాట్లలో గుచ్చే విడి పలకలు) దీనికి పనికొస్తాయా అని చూడటం ఆ తరువాతి మాట. ఈ వరస తలకిందులు కావాలి. పాత కార్డుల లెక్క తేలితే తప్ప ఏ మదర్‌బోర్డు కొనాలో, ఎస్‌ఎంపీఎస్ (లోపలి భాగాలకు కరెంటు అందించే పెట్టె) ఎన్ని వాట్లది కావాలో, క్యాబినెట్ ఎంత పెద్దది ఉండాలో తెలియదు.

ఆ లెక్కలో కార్డును ఎంత పెట్టి కొన్నారన్నది రాదు. దానికి తగిలించిన తీగ రెండో కొసన ఏముందన్నదే వస్తుంది. అక్కడ వరంగల్ ఎనుమాముల మార్కెట్‌లో తక్‌పట్టీలు (రైతుకిచ్చే తూకం రసీదులు) కొట్టే డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్ ఉందా, లారీలు తూచే వే బ్రిడ్జి ఉందా, పెళ్లి క్యాసెట్లు మిగిలిపోయిన పాత హ్యాండీక్యామ్ ఉందా? ఉంటే అత్యంత చౌక కార్డునైనా జాగ్రత్తగా కాపాడుకోవాలి. ఏమీ లేకపోతే, ఒకప్పుడు వేలు పోసి కొన్నదైనా దాన్ని వదులుకోవడానికి వెనకాడనక్కర్లేదు.

మొదటి పని: పాత కంప్యూటర్ నడుస్తుండగానే రాసుకోండి

విప్పిన తరువాత కార్డు నోరు విప్పదు. కాబట్టి పాత విండోస్ ఇంకా నడుస్తున్నప్పుడే డివైస్ మేనేజర్ తెరవండి. ఒక్కో కార్డు పేరు మీద రైట్ క్లిక్ చేసి, ప్రాపర్టీస్‌లో డీటెయిల్స్ అనే భాగానికి వెళ్లి, హార్డ్‌వేర్ ఐడీస్ ఎంచుకుంటే రెండు గుర్తింపు సంఖ్యలు కనిపిస్తాయి. మొదటిది చిప్పు తయారీదారుది, రెండోది చిప్పు రకానిది. 8086 ఉంటే ఇంటెల్, 1002 ఉంటే ఏఎండీ, 1102 ఉంటే క్రియేటివ్. కార్డు పెట్టె మీద ఏ బ్రాండు పేరున్నా, రేపు డ్రైవర్ (కార్డును విండోస్‌తో పనిచేయించే సాఫ్ట్‌వేర్) వెతకాల్సింది ఈ చిప్పు పేరుతోనే. ఫోనుతో ఫొటో తీసిపెట్టుకోండి.

కాంటా వంటివాటిని తగిలించే తొమ్మిది పిన్నుల సీరియల్ పోర్టు వాడుతుంటే ఇంకో ఫొటో కూడా కావాలి. అది కామ్1గా ఉందా కామ్3గా ఉందా, వేగం 9600 అని ఉందా మరొకటా, డేటా బిట్లు, ప్యారిటీ ఎలా పెట్టారు అన్నవన్నీ అందులో పడాలి. కాంటా సాఫ్ట్‌వేర్ పెట్టి వెళ్లిన మనిషి మళ్లీ దొరుకుతాడన్న భరోసా ఉండదు.

పాత కంప్యూటర్‌లో రెయిడ్ కార్డు (కొన్ని డిస్కులను కలిపి ఒక్కటిగా నడిపేది) ఉండి హార్డ్ డిస్కులు దానికి తగిలించి ఉంటే మిగతా పనులన్నీ ఆపి ముందు బ్యాకప్ తీయండి. ఆ డిస్కుల మీద డేటా ఏ వరసలో పరచి ఉందో ఆ కార్డుకు తెలుసు. కొత్త బోర్డుకు నేరుగా తగిలిస్తే అవి ఖాళీ డిస్కుల్లా కనిపించవచ్చు, అప్పుడు విండోస్ ‘ఇనిషియలైజ్ చేయమంటారా’ అని అడుగుతుంది. అక్కడ సరే అన్నారంటే ఏళ్ల ఖాతాలు చిక్కుల్లో పడతాయి.

రెండో పని: విప్పి, ఏ స్లాటు కార్డో గుర్తించండి

ప్లగ్గు గోడ నుంచి పూర్తిగా తీసేయండి. తరువాత పవర్ బటన్‌ను ఒకసారి నొక్కి వదిలితే లోపల మిగిలిన కరెంటు ఖర్చవుతుంది. క్యాబినెట్ ఇనుప భాగాన్ని చేత్తో తాకి, అప్పుడు కార్డు అంచులు పట్టుకుని నిటారుగా పైకి తీయండి. పొడవాటి స్లాటు చివర చిన్న గొళ్లెం ఉంటుంది, దాన్ని నొక్కకుండా లాగితే స్లాటు విరుగుతుంది.

ఇళ్లలో దొరికేవి ముఖ్యంగా మూడు రకాలు. తెల్లటి స్లాటులోంచి వచ్చింది పీసీఐ. 1992లో వచ్చిన ఈ పద్ధతిలో కార్డులన్నీ సెకనుకు 133 మెగాబైట్ల దారిని పంచుకునేవి. గోధుమ రంగు స్లాటులోని గ్రాఫిక్స్ కార్డు ఏజీపీ. దాన్ని కొత్త బోర్డుకు తగిలించే మార్గం లేదు, పక్కన పెట్టేయండి. 2003 తరువాత వచ్చింది పీసీఐ ఎక్స్‌ప్రెస్. దానిలో వేలెడంత పొట్టి ఎక్స్1 కార్డులూ, పొడవాటి ఎక్స్16 కార్డులూ ఉంటాయి. వాటి బంగారు పళ్ల వరసలో గాడి బ్రాకెట్ (క్యాబినెట్ వెనక స్క్రూతో బిగించే ఇనుప పట్టీ) వైపు దగ్గరగా ఉంటుంది.

పీసీఐ ఎక్స్‌ప్రెస్‌లో ఒక సౌలభ్యం ఉంది. పాత తరం కార్డు కొత్త తరం స్లాటులోనూ నడుస్తుంది, పొట్టి కార్డు పొడవాటి స్లాటులోనూ నడుస్తుంది. ఎక్స్1 సీరియల్ కార్డును ఎక్స్16 స్లాటులో గుచ్చినా ఏమీ కాదు, స్లాటులో మిగతా భాగం ఖాళీగా ఉంటుంది, అంతే.

పీసీఐకి ఈ అదృష్టం లేదు. ఇంటెల్ 2011లో తెచ్చిన మామూలు చిప్‌సెట్లలో (బోర్డు మీది భాగాలను కలిపి నడిపే చిప్పుల్లో) పీసీఐని తీసేసింది. ఆ తరువాత కొన్నేళ్లు బోర్డుల తయారీదారులు వేరే చిప్పును వంతెనగా పెట్టి ఒకటో రెండో తెల్ల స్లాట్లు ఇస్తూ వచ్చారు. ఇప్పుడు ఇళ్లకు కొనే బోర్డుల్లో అవి కనిపించడం చాలా అరుదు. అందువల్ల మీ దగ్గరున్నది పీసీఐ కార్డు అయితే దాన్ని ఉంచుకోవడానికి గట్టి కారణం ఉండాలి.

మూడో పని: తీర్పు చెప్పండి

తేలికైనవి ముందు తేల్చేద్దాం. డయలప్ మోడెమ్ కార్డుకు అవతలి కొసన ఇప్పుడేమీ లేదు. 100 మెగాబిట్ల పాత ల్యాన్ కార్డూ అంతే, ఎందుకంటే కొత్త బోర్డు మీదే 1,000 మెగాబిట్ల పోర్టు ఉంటుంది. ఇంటెల్ చిప్పు ఉన్న పీసీఐ ఎక్స్‌ప్రెస్ గిగాబిట్ కార్డు మాత్రం దాచుకోదగ్గది. మెరుపులకు బోర్డు మీది పోర్టు పోయిన రోజున అదే ఆదుకుంటుంది.

సౌండ్ కార్డుల దగ్గర మనసు ఒప్పుకోదు, నాకు తెలుసు. స్పీకర్లలో పాటలు వినడానికే అయితే కొత్త బోర్డు మీది శబ్దం చాలు. రికార్డింగ్ కోసం కొన్న పీసీఐ కార్డుల సంగతి వేరు. జానపద పాటలు రికార్డు చేసే చిన్న స్టూడియోల్లో ఎం-ఆడియో డెల్టా వంటివి ఇంకా కనిపిస్తాయి. వాటికి విండోస్ 11 కోసం తయారైన డ్రైవర్లు లేవు, విండోస్‌కు బదులు వాడే ఉచిత లైనక్స్‌లో మాత్రం ఆ చిప్పుకు డ్రైవర్ ఉంది. లైనక్స్‌లో పని చేయడం అలవాటుంటే ఉంచుకోండి, లేకపోతే యూఎస్‌బీకి తగిలించే రికార్డింగ్ ఇంటర్‌ఫేస్ కొనుక్కోవడం మేలు.

టీవీ ట్యూనర్ కార్డుతో టీవీ చూడాలనే ఆశ వదులుకోండి. 2012లో మహానగరాలతో మొదలై దేశమంతటా కేబుల్ డిజిటల్‌కు మారింది, ఆ కార్డులు పట్టే అనలాగ్ సంకేతం ఇక రాదు. కానీ దాని వెనక పసుపుపచ్చ ఏవీ రంధ్రం ఉందేమో చూడండి. ఉంటే, వీసీఆర్ ఇంకా తిరుగుతుంటే, వీహెచ్‌ఎస్ పెళ్లి క్యాసెట్లను కంప్యూటర్‌లోకి ఎక్కించుకోవచ్చు. ఆ పనికి పాత కంప్యూటర్‌నే వాడటం తెలివైన దారి. క్యాసెట్లు అయిపోయాక రెండింటినీ ఒకేసారి వదిలించుకోవచ్చు.

హ్యాండీక్యామ్ వీడియోను కంప్యూటర్‌లోకి తెచ్చే ఫైర్‌వైర్ కార్డును పారేయబోయే ముందు ఇంట్లో పెద్దవాళ్లను అడగండి. 2000ల్లో మన పెళ్లిళ్ల వీడియోలు చాలావరకు మినీడీవీ క్యాసెట్ల మీద తీసినవి. ఆ హ్యాండీక్యామ్‌లకు యూఎస్‌బీ రంధ్రం ఉన్నా, చాలా మోడళ్లలో దాని ద్వారా వచ్చేది ఫొటోలో, నాసిరకం వీడియోనో. అసలు నాణ్యతతో రావాలంటే ఫైర్‌వైరే కావాలి. సోనీ దాన్ని ఐ-లింక్ అని పిలిచేది. గంట క్యాసెట్ సుమారు 13 గిగాబైట్లు పడుతుంది, క్యాసెట్ ఎంతసేపు తిరుగుతుందో ఎక్కించడానికీ అంతసేపే పడుతుంది. కార్డు మీద టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్ చిప్పు ఉంటే ఇబ్బందులు తక్కువ. పీసీఐ ఎక్స్‌ప్రెస్ ఎక్స్1 రకమైతే కొత్త కంప్యూటర్‌లో ధైర్యంగా పెట్టుకోండి. ఒక్క జాగ్రత్త: కెమెరా, కంప్యూటర్ రెండూ ఆపి ఉన్నప్పుడే తీగ గుచ్చాలి. ఆరు పిన్నుల ఫైర్‌వైర్ తీగలో కరెంటు కూడా వస్తుంది, తిరగేసి గుచ్చితే కెమెరా పోర్టు మాడిపోతుంది.

ఇప్పుడు అసలైన సరుకు: సీరియల్ కార్డులు, పాత ప్రింటర్ల లావు తీగ తగిలే పారలల్ కార్డులు. వరంగల్, కరీంనగర్, జమ్మికుంట మార్కెట్లలో అడ్తి దుకాణాల నుంచి డీటీపీ సెంటర్ల దాకా వీటి అవసరం ఇంకా పోలేదు. కార్బన్ నకళ్లు రావాలంటే కాగితాన్ని కొట్టి అచ్చువేసే ప్రింటరే కావాలి. లేజర్ ప్రింటర్ ఆ పని చేయలేదు.

అయినా కార్డు దాకా వెళ్లకముందు రెండు చోట్ల చూడండి. మొదటిది ప్రింటర్ వీపు. ఎప్సన్ ఎల్‌ఎక్స్-310లో యూఎస్‌బీ, పారలల్, సీరియల్ మూడూ ఉంటాయి. అటువంటి ప్రింటర్‌కు పాత అలవాటు కొద్దీ లావు పారలల్ తీగ తగిలించి ఉంచి, దానికోసం కార్డు వెతకడం వృథా శ్రమ. రెండోది కొత్త మదర్‌బోర్డు అడుగు అంచు. చాలా సాధారణ బోర్డుల మీద కామ్ అని రాసి తొమ్మిది పిన్నుల గుత్తి ఉంటుంది, కొన్నింటిపై ఎల్‌పీటీ (పారలల్ పోర్టు) గుత్తి కూడా ఉంటుంది. దానికి తగిలించే బ్రాకెట్ తీగ చవకగా దొరుకుతుంది. ఆ తీగల్లో లోపలి అమరిక రెండు రకాలుగా వస్తుంది కాబట్టి, పోర్టు కనిపిస్తున్నా డేటా రాకపోతే మొదట తీగనే అనుమానించండి.

వే బ్రిడ్జి విషయంలో మాత్రం గుత్తి కంటే కార్డునే నేను సమర్థిస్తాను. ఆరుబయట కాంటా నుంచి గదిలోకి లాగిన పొడవాటి తీగ పిడుగుల కాలంలో ప్రమాదాన్ని నేరుగా లోపలికి తెస్తుంది. దెబ్బ తగిలితే కార్డు దగ్గరే ఆగుతుందన్న హామీ లేదు, కానీ బోర్డు మీది పోర్టుకే నేరుగా తగిలించడం కంటే ఇదే నయం. మబ్బు పట్టగానే తీగ ఊడదీయడం అన్నిటికంటే నయం.

ఈ కార్డుల్లో చాలావాటి మీద మాస్‌చిప్ అన్న పేరు చదవగలరు. అది మన హైదరాబాద్ కంపెనీ. ప్రపంచమంతటా చౌక సీరియల్, పారలల్ కార్డుల్లోకి వెళ్లిన చిప్పులు అక్కడ రూపుదిద్దుకున్నాయి. తరువాత ఆ విభాగం తైవాన్‌కు చెందిన ఏసిక్స్ చేతికి వెళ్లింది. అందుకే ఎంసీఎస్ అని మొదలయ్యే చిప్పులకు డ్రైవర్లు ఇప్పుడు ఏసిక్స్ దగ్గర వెతకాలి.

పారలల్ కార్డుతో ఒక చిక్కుంది. డాస్ కాలపు లెక్కల సాఫ్ట్‌వేర్లు, డీటీపీ సాఫ్ట్‌వేర్ల పాత తాళాలు (సాఫ్ట్‌వేర్ నడవాలంటే పారలల్ పోర్టుకు గుచ్చాల్సిన డాంగిళ్లు) పోర్టు ఫలానా చిరునామాలోనే ఉంటుందని నమ్ముకుని నేరుగా అక్కడికే వెళ్తాయి. కార్డు మీది పోర్టుకు వచ్చేది వేరే చిరునామా. మామూలు విండోస్ ప్రింటింగ్‌కు ఇది అడ్డు కాదు, ఆ తాళాలకు మాత్రం అడ్డే. పైగా 16 బిట్ల డాస్ ప్రోగ్రాములు 64 బిట్ల విండోస్‌లో నేరుగా నడవవు. ఫాక్స్‌ప్రో అనే పాత డేటాబేస్ సాఫ్ట్‌వేర్‌లో రాయించుకున్న ఖాతాల మీదే వ్యాపారం నడుస్తుంటే, కార్డు మార్చడానికి ముందు సాఫ్ట్‌వేర్ సంగతి చూసుకోవాలి.

యూఎస్‌బీ 3.0 కార్డులు, హార్డ్ డిస్కులు తగిలించే సాటా కార్డులు పీసీఐ ఎక్స్‌ప్రెస్ రకమైతే నిక్షేపంగా పనికొస్తాయి, పెద్దగా ఆలోచించనక్కర్లేదు. కొన్ని యూఎస్‌బీ కార్డులకు విడిగా కరెంటు తీగ తగిలించాలి. దానికి మోలెక్స్ (నాలుగు పిన్నుల పాత కరెంటు కనెక్టర్) నుంచి సాటాకు మార్చే తీగ వాడాల్సి వస్తే, ప్లాస్టిక్‌ను కరిగించి తీగల చుట్టూ పోతపోసిన రకం కొనకండి. లోపలి తీగలు ఒకదానికొకటి తగిలి అవి కాలిపోయిన సందర్భాలు చాలా ఉన్నాయి.

చివరగా గ్రాఫిక్స్ కార్డు. జీటీ 710 లాంటి చిన్న కార్డును కొత్త కంప్యూటర్‌లోకి మోసుకెళ్లడం నాకు అర్థం కాని పని. ఇంటెల్ కొత్త ప్రాసెసర్లలో ఉన్న గ్రాఫిక్సే దానికంటే మెరుగైనది. యూట్యూబ్ వాడే వీపీ9, ఏవీ1 వీడియోలను విప్పే పని ప్రాసెసర్‌లోని గ్రాఫిక్స్ సునాయాసంగా చేస్తుంది, పాత కార్డుకు ఆ విద్య రాదు. కార్డు తగిలించి మానిటర్ తీగ దానికి పెడితే కంప్యూటర్ నెమ్మదించే అవకాశమే ఎక్కువ. ఈ జీటీ 710 వంటి కెప్లర్ తరం కార్డులకు ఎన్‌విడియా మామూలు డ్రైవర్లను 2021లోనే ఆపేసింది. జీటీఎక్స్ 750 టీఐ, 1050 టీఐ వంటి కార్డులకు 2025 అక్టోబర్‌తో ఆటల డ్రైవర్లు ఆగిపోయాయి, 2028 అక్టోబర్ వరకు భద్రతా సవరణలు మాత్రం వస్తాయి. జీటీఎక్స్ 1650, ఆపై తరాలవైతే ఇంకా కొంతకాలం నిశ్చింత.

ప్రాసెసర్ పేరు చివర ఎఫ్ ఉంటే మాత్రం కథ మారుతుంది. అందులో గ్రాఫిక్స్ ఉండదు కాబట్టి ఏదో ఒక కార్డు తప్పనిసరి. ఏఎండీ ప్రాసెసర్లలో రైజెన్ 5 5600కు కూడా ఉండదు, 5600జీకి ఉంటుంది. పాత కార్డు మీద నమ్మకంతో ఎఫ్ రకం కొని కాస్త డబ్బు మిగుల్చుకోవచ్చు. ఆ కార్డు పోయిన రోజున తెర కూడా పోతుందని తెలిసే కొనండి.

నాలుగో పని: ఇప్పుడు దుకాణానికి వెళ్లండి

ఉంచుకోవాలనుకున్న కార్డులను సంచిలో వేసుకుని వెళ్లండి. హనుమకొండలో కొన్నా, సికింద్రాబాద్ వెళ్లి పార్క్‌లేన్ దగ్గరి చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో కొన్నా, దుకాణదారుకు ‘స్లాట్లున్న బోర్డు కావాలి’ అంటే సరిపోదు. కాజీపేటలో రైలెక్కే ముందే బోర్డు మాన్యువల్‌ను ఫోన్‌లోకి దించుకుని ఈ మూడు సంగతులు చదవండి.

ఒకటి, స్లాటు పొడవు వేరు, దాని వెనకున్న డేటా దారులు (లేన్లు) వేరు. చూడటానికి ఎక్స్16లా ఉన్న రెండో స్లాటుకు నాలుగు దారులో, ఒక్కటో మాత్రమే ఉండవచ్చు. రెండు, కొన్ని బోర్డుల్లో ఎం.2 ఎస్‌ఎస్‌డీ (బోర్డుకే నేరుగా బిగించే సన్నటి డిస్కు) పెడితే ఒక స్లాటో, ఒకటి రెండు సాటా పోర్టులో పనిచేయడం మానేస్తాయి. మాన్యువల్‌లో చిన్న అక్షరాల్లో ఉండేది ఇదే. మూడు, లావు గ్రాఫిక్స్ కార్డు పక్కనున్న ఎక్స్1 స్లాటును కప్పేస్తుంది. బోర్డు బొమ్మ మీద గ్రాఫిక్స్ కార్డు మందాన్ని ఊహించుకుని, ఇంకా ఏ స్లాటు బయటికి కనిపిస్తోందో చూడండి.

కార్యాలయాల నుంచి వచ్చిన సన్నటి సెకండ్ హ్యాండ్ కంప్యూటర్ కొంటుంటే, అందులో పొట్టి బ్రాకెట్ కార్డులే పడతాయి. పైగా దాని ఎస్‌ఎంపీఎస్‌లో గ్రాఫిక్స్ కార్డుకు ఇచ్చే తీగ ఉండదు. కంపెనీ సొంత కనెక్టర్లు ఉంటే ఎస్‌ఎంపీఎస్ మార్చడం కూడా తేలిక కాదు.

కరెంటు లెక్క సులువే. ఎక్స్16 స్లాటు గ్రాఫిక్స్ కార్డుకు 75 వాట్ల వరకు ఇస్తుంది. ఆరు పిన్నుల తీగ ఇంకో 75, ఎనిమిది పిన్నులది 150. 185 వాట్ల ఆర్‌ఎక్స్ 580 లాంటి పాత కార్డును కొనసాగించాలంటే ఎస్‌ఎంపీఎస్‌ను దానికి తగ్గట్టు ఎంచుకోవాలి. పాత ఎస్‌ఎంపీఎస్ ఊడదీసే తీగలున్న రకమైతే ఆ తీగలను కొత్త ఎస్‌ఎంపీఎస్‌కు ఎట్టి పరిస్థితుల్లోనూ వాడకండి. గుచ్చుకునే తల ఒకేలా ఉన్నా లోపలి అమరిక కంపెనీకో తీరుగా ఉంటుంది, తగిలించిన క్షణంలోనే డిస్కులు మాడిపోతాయి.

ఐదో పని: దులపండి, తుడవండి

జిన్నింగ్ మిల్లుల దరిదాపుల్లో ఉన్న కంప్యూటర్లలో పత్తి నూగు ఫ్యాన్ రెక్కలకు చాపలా అల్లుకుపోతుంది. గోదావరిఖని, మందమర్రి, భూపాలపల్లి వైపు బొగ్గు దుమ్ము పడుతుంది. ఇది మరీ సన్నం, తేమ తగిలితే పిన్నుల మధ్య కరెంటుకు దారి కూడా కావచ్చు. మెత్తని కుంచెతో వదులు చేసి, బ్లోయర్‌తో ఊదండి. ఊదేటప్పుడు ఫ్యాన్ రెక్కను వేలితో పట్టుకోవాలి, లేకపోతే అతివేగంగా తిరిగి దాని బేరింగ్ పోతుంది.

బంగారు పళ్లు మసకబారితే తెల్లటి పెన్సిల్ రబ్బరుతో మెల్లగా ఒకే దిశలో రుద్దండి, తరువాత ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడిపిన గుడ్డతో తుడవండి. మొబైల్ మరమ్మతు దుకాణాల్లో అది దొరుకుతుంది. కిరోసిన్, పెట్రోల్ వద్దు. కార్డు మీది కెపాసిటర్ల తల ఉబ్బి ఉంటే, గోధుమరంగు జిగురు కారి ఉంటే దాన్ని కొత్త బోర్డులో పెట్టకండి. 2000ల మొదటి సగంలో తయారైన సరుకులో ఈ జబ్బు ఎక్కువ. 2023 జూలై వరదల్లో నీళ్లలో నానిన కంప్యూటర్ల కార్డులకూ ఇదే మాట. ఆరినట్టు కనిపించినా చిప్పుల కాళ్ల కింద బురద ఉప్పు మిగిలి, నెమ్మదిగా తినేస్తూ ఉంటుంది.

ఆరో పని: ఒక్కొక్కటిగా బిగించండి

ముందు ఏ కార్డూ లేకుండా కొత్త కంప్యూటర్‌ను నడిపించండి. విండోస్ ఎక్కించి, అప్‌డేట్లు పూర్తిచేసి, అంతా సవ్యంగా ఉందని తేలాక మొదటి కార్డు పెట్టండి. ఒకటి పెట్టి, ఆన్ చేసి, చూసి, ఆపి, రెండోది. అన్నీ ఒకేసారి గుచ్చితే తేడా వచ్చినప్పుడు ఏది దోషో తేలదు.

కార్డు పూర్తిగా దిగిందని తెలిశాకే బ్రాకెట్ స్క్రూ బిగించండి. స్క్రూ బిగిస్తుంటే కార్డు రెండో చివర పైకి లేస్తే బ్రాకెట్ వంగి ఉందని అర్థం. దాన్ని సరిచేయాలి తప్ప బలం ఉపయోగించకూడదు.

ఇక్కడ ఎర్తింగ్ మాట చెప్పాలి. క్యాబినెట్‌ను వేలి వెనకవైపుతో రాస్తే జిల్లుమంటోందా? అయితే ఆ సాకెట్‌కు ఎర్తింగ్ లేదు. ఎస్‌ఎంపీఎస్ వడపోత భాగం నుంచి వచ్చే కొద్దిపాటి కరెంటు భూమిలోకి పోయే దారిలేక క్యాబినెట్ మీదే నిలుస్తుంది. ఆ స్థితిలో ప్రింటర్, కాంటా, వీసీఆర్ తీగలు ఆన్‌లో ఉండగా గుచ్చితే పోర్టులు పోతాయి. పాత ఇళ్లలో మూడో రంధ్రం చాలాచోట్ల అలంకారానికే ఉంటుంది. కార్డు కంటే ముందు ఎలక్ట్రీషియన్‌ను పిలవండి.

ఏడో పని: బయాస్, డ్రైవర్లు

కార్డు పెట్టగానే తెర నల్లగా ఉండిపోతే కంగారు వద్దు. 2012కు ముందటి చాలా గ్రాఫిక్స్ కార్డులకు యూఈఎఫ్‌ఐ అనే కొత్త బూట్ పద్ధతి తెలియదు, కొత్త బోర్డులు దానిలోనే మేల్కొంటాయి. బయాస్‌లో (విండోస్ కంటే ముందు తెరుచుకునే బోర్డు అమరికల్లో) సీఎస్‌ఎం అన్న అవకాశం ఉంటే పాత పద్ధతి నడుస్తుంది, కానీ దానితో సెక్యూర్ బూట్ (నమ్మదగిన సాఫ్ట్‌వేర్‌తోనే కంప్యూటర్‌ను మేల్కొల్పే రక్షణ) పనిచేయదు, విండోస్ 11 అడిగేది సెక్యూర్ బూట్‌నే. చాలా కొత్త బోర్డుల్లో సీఎస్‌ఎం లేనే లేదు. అలాంటి కార్డును పక్కన పెట్టేయడమే పరిష్కారం.

మరికొన్ని పాత కార్డులు స్లాటు వేగం ఆటోలో ఉంటే కనిపించవు. బయాస్‌లో ఆ స్లాటు వేగాన్ని జెన్2కో (రెండో తరానికో) జెన్3కో దించితే కనిపిస్తాయి. కార్డు పాడైందని తీర్మానించే ముందు ఇది తప్పక చేసి చూడండి.

ఇంకా అనుమానముంటే ఉబుంటు (ఒక రకం లైనక్స్) పెన్‌డ్రైవ్‌తో కంప్యూటర్‌ను లేపి చూడండి, డిస్కులో ఏమీ ఎక్కించనక్కర్లేదు. అక్కడ కార్డు పనిచేస్తే హార్డ్‌వేర్ బాగానే ఉంది, లోటు విండోస్ డ్రైవర్‌దే. అక్కడ పేరు కూడా కనిపించకపోతే స్లాటు మార్చి చూసి, అప్పటికీ లేకపోతే వదిలేయండి.

విండోస్ 11 అంతా 64 బిట్లే, అందువల్ల పాత సీడీలోని 32 బిట్ల డ్రైవర్లు చెల్లవు. విండోస్ 7 లేదా 10 కోసం చేసిన 64 బిట్ల డ్రైవర్ చాలాసార్లు పనిచేస్తుంది. పనిచేయకపోతే మెమరీ ఇంటిగ్రిటీ అన్న రక్షణ దాన్ని ఆపుతుండవచ్చు. ఆ రక్షణను తీసేయమని సలహాలిచ్చేవారు దొరుకుతారు. బ్యాంకు పనులు, జీఎస్టీ రిటర్నులు చేసే కంప్యూటర్‌లో ఆ పని చేయకండి. ఊరూపేరూ లేని ‘డ్రైవర్ ప్యాక్’లూ వద్దు.

సీరియల్ కార్డు డ్రైవర్ ఎక్కాక దానికి కామ్5, కామ్6 వంటి పేరు రావచ్చు. పాత కాంటా సాఫ్ట్‌వేర్లలో కొన్ని కామ్4 దాటి చూడవు. డివైస్ మేనేజర్‌లో ఆ పోర్టు ప్రాపర్టీస్‌లోకి వెళ్లి, పోర్ట్ సెట్టింగ్స్‌లో అడ్వాన్స్‌డ్ నొక్కి, మొదట తీసుకున్న ఫొటోలో ఉన్న పేరునే ఇవ్వండి. మిగతా అమరికలూ ఆ ఫొటో చూసే పెట్టండి.

పీసీఐ కార్డు తప్పనిసరి అయితే

పీసీఐ ఎక్స్‌ప్రెస్ ఎక్స్1ను పీసీఐ స్లాటుగా మార్చే చిన్న అడాప్టర్లు ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. ఏఎస్‌మీడియా ఏఎస్‌ఎం1083 వంటి వంతెన చిప్పు వాటిలో ఉంటుంది. సీరియల్ కార్డుల వంటి నెమ్మది సరుకు వీటిలో బాగానే నడుస్తుంది. సౌండ్, వీడియో పట్టే కార్డుల విషయంలో మాట ఇవ్వలేం. అడాప్టర్ మీద కార్డు ఎత్తు పెరిగి బ్రాకెట్ వెనక రంధ్రానికి అందదు. తీగతో వచ్చే రకం తీసుకుని, కార్డును కదలకుండా కట్టే చోటు ముందే చూసుకోండి.

వేల రూపాయల యంత్రం పీసీఐ కార్డుకే కట్టుబడి ఉంటే, నా సలహా ఆ పాత కంప్యూటర్‌ను అలాగే ఉంచమని. విండోస్ 10కు కూడా 2025 అక్టోబర్ 14తో మామూలు మద్దతు ముగిసింది కాబట్టి దాన్ని ఇంటర్నెట్‌కు కలపకండి. ల్యాన్ తీగ తీసేయండి. ఫైళ్లు పెన్‌డ్రైవ్‌తో తెచ్చి కొత్త కంప్యూటర్‌లో స్కాన్ చేశాకే తెరవండి. బోర్డు మీది సీఆర్2032 బిళ్ల బ్యాటరీ మార్చండి, హార్డ్ డిస్కుకు ఒక పూర్తి నకలు తీసి బీరువాలో పెట్టండి, రెండో చేతి ఎస్‌ఎంపీఎస్ ఒకటి పరీక్షించి దగ్గర ఉంచుకోండి.

వదులుకున్న కార్డులను తుక్కు బండికి వేయకండి. పనిచేసేవైతే కంప్యూటర్లు మరమ్మతు చేసే కుర్రాళ్లు విడిభాగాల కోసం తీసుకుంటారు. పనిచేయనివి 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న ఈ-వ్యర్థాల నిబంధనల ప్రకారం నమోదైన రీసైక్లర్లకే చేరాలి. కొత్త కంప్యూటర్ కొన్న చోటే పాతవి తీసుకుంటారేమో బిల్లు కట్టకముందే అడగండి, కట్టిన తరువాత ఆ ప్రశ్నకు జవాబు మారిపోతుంది.